అద్దాలక్క కొసరు బిళ్ళలు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. గేటు దగ్గరి కాపలా మనిషి మొదలుకొని ప్రయోగశాల పెద్దాయన దాకా అందరికీ ఆమె అద్దాలక్కే. అలాగని ఆమె అద్దాలు అమ్మేదీ కాదు, బిగించేదీ కాదు. ఉక్కును అద్దం చేసేది. కోతమరకలతో నల్లగా, గరుకుగా వచ్చిన ఉక్కు బిళ్ళను పట్టుకుని నీళ్ళు, ఎమిరీ కాగితం, వజ్రం పొడి, మెత్తటి గుడ్డ ముందేసుకుని కూర్చునేది. తిరిగి ఇచ్చేసరికి అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. కాకపోతే బిళ్ళ చొక్కా గుండీ అంతే కాబట్టి ఒక్కో కన్నూ విడివిడిగా చూసుకోవాలి.

ఆమె గది కింది అంతస్తులో, నడవా చివర. ఒక కుళాయి, ఒక తిరుగుడు బల్ల, ఒక మైక్రోస్కోపు, కాళ్ళు కోసి ఎత్తు తగ్గించిన స్టూలు. కిటికీ ఉంది గాని దానికెదురుగా పక్క భవనం గోడ. ఆవలి గదిలో పంపుల రొద పగలంతా ఆగదు. కొత్తగా చేరినవాళ్ళు ఆ రొదకి తల పట్టుకునేవారు. ఆమెకైతే అది ఆగినప్పుడే తలెత్తి చూడబుద్ధేసేది.

ఆ పంపుల గదిలోనే పొడుగాటి గొట్టం ఉండేది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగి, మధ్యలో మోచేయిలా వంగి, ఒళ్ళంతా రాగితీగ చుట్టలు వేసుకున్న ఉక్కు గొట్టం. ఆమె చేసిన బిళ్ళలన్నీ ఎప్పటికో దాని చివరకే చేరేవి. అక్కడ ఏం జరుగుతుందో చాలా ఏళ్ళు ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పినవాడు సన్నోడు. పరిశోధనకి చేరిన కుర్రవాడు, మెడ కొంగలా, చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు ఉండేవాడు. చేరిన వారానికే స్టూలు పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఈ బిళ్ళలు ఎందుకో నీకెవరైనా చెప్పారా?"

"చెబితే జీతం పెంచమంటానని చెప్పలేదు."

"అణు రియాక్టర్లో ఉక్కుకి రోజూ దెబ్బలే. పైకి కనపడవు. లోపల అణువులు చోటు వదిలి ఎగిరిపోతాయి, ఆ చోటు ఖాళీగా ఉండిపోతుంది. ఒక్క ఖాళీతో ఏమీ కాదు. అవన్నీ పోగయ్యాయంటే ఉక్కు ఉబ్బుతుంది, పెళుసెక్కుతుంది. ఒకరోజు గాజులా పగులుతుంది."

"మరి ఆ ఖాళీలు ఎవడు చూడొచ్చాడు?"

"ఆ పక్కగది గొట్టంలో వచ్చేవాడు. పాజిట్రాను. ఎలక్ట్రానుకి తోడబుట్టినవాడే, గుణం మాత్రం తిరగబడింది. పుట్టినప్పుడు మహా దూకుడు. సన్నటి టంగ్‌స్టన్ రేకులోంచి తోసి ముందు వాడి పొగరు దించుతాం. నెమ్మదించాక మనం ఎంత లోతుకి పొమ్మంటే అంత లోతుకే పోతాడు. అక్కడ ఉక్కులో తిరిగి తిరిగి, ఖాళీ కనపడగానే చతికిలబడతాడు."

"విందులో కుర్చీ కోసం తిరిగే ముసలాయనలాగా."

"అచ్చం అలాగే. పాపం, ఆ కుర్చీలోనే పోతాడు కూడా. ఎలక్ట్రానుతో కలిసి ఇద్దరూ లేకుండా పోతారు. పోతూ రెండు కిరణాలు విసురుతారు. వాటిని పట్టుకుంటే, వాడు మామూలు చోట పోయాడా, ఖాళీలో పోయాడా తెలిసిపోతుంది."

అద్దాలక్క చేతిలోని బిళ్ళ తిప్పి చూసింది. "అంటే పైన పటారం, లోన లొటారం అయితే వీడు పట్టేస్తాడన్నమాట."

"వీడి దగ్గర ఎవరూ దాచలేరక్కా."

ఆ రోజే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తెరమీది కొలతల గీత చదవడం నేర్పాడు. ఎడమ చివర బిళ్ళ పైపొర, కుడికి పోయేకొద్దీ లోతు. గీత ఎంత పైకి లేస్తే లోపల అన్ని గాయాలు. అంతే. చదువంతా అంతే అయితే నేనూ డాక్టరమ్మనయ్యేదాన్ని అని ఆమె నవ్వింది. అప్పట్నుంచి వాడు ఆమెకు తమ్ముడు. మధ్యాహ్నం ఆమె డబ్బాలో సగం వాడిదే.

ఆమె పని చెప్పడానికి తేలిక. బిళ్ళను ముందు గాలిలేని కొలిమిలో పెట్టి ఎర్రగా కాలుస్తారు. ఆ వేడికి లోపలి పాత గాయాలన్నీ మానిపోతాయి. అప్పుడది ఆమె చేతికొస్తుంది. పైన పట్టిన మసక తీసి అద్దం చెయ్యాలి, కానీ నొక్కకూడదు. వేలు కాస్త బరువెక్కితే చాలు, పైకి నున్నగానే మెరుస్తుంది, అడుగున మాత్రం కొత్త గాయాలు లేస్తాయి. ఆమ్లంలో ముంచి తీసే పద్ధతి ఒకటుంది గాని ఈ రకం ఉక్కు ఆమ్లానికి గుంటలు పడుతుంది. అందుకని చెయ్యే గతి. ఆఖర్న, ఇసుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి పొడి కలిపిన తెల్లటి నీళ్ళు గుడ్డ మీద పోసి, బిళ్ళ బరువుకే బిళ్ళ అరిగేటట్టు, వేళ్ళు ఆనీ ఆననట్టు పట్టుకోవాలి. ఆ నీళ్ళని అక్కడ అందరూ పాలు అనేవారు.

"నిద్రపోయే పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు" అని ఆమె కొత్తవాళ్ళకి చెప్పేది. ఆమెకు పిల్లల్లేరు. ఆ మాట అన్నప్పుడు తెలిసినవాళ్ళు తల దించుకునేవారు.

అలా అద్దమైన బిళ్ళ వేరే ఊళ్ళోని ఒక పెద్ద యంత్రానికి ప్రయాణం కట్టేది. రియాక్టర్లో ముప్ఫై ఏళ్ళలో తగిలే దెబ్బలు అక్కడ రెండు రోజుల్లో తినిపించి, దూదిలో చుట్టి తిరిగి పంపేవారు. అప్పుడది గొట్టం చివర బిగించబడేది. ఆ బిళ్ళల మీద వ్యాసాలు అచ్చయ్యేవి. వాటిలో యంత్రం పేరుండేది, కొలిమి ఎంత వేడో ఉండేది, పంపులు ఏ రకమో కూడా ఉండేది. నునుపు చేసినదెవరో మాత్రం ఉండేది కాదు. 'నమూనాలు నునుపు చేయబడినవి' అని ఒక్క ముక్క, వాటంతట అవే నునుపెక్కినట్టు. చేత్తో పనిచేసేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి లోకంలో అందరి కలాల్లోనూ సిరా అయిపోతుంది. సన్నోడు ఒకసారి ఆమె పేరు చేర్చబోతే పైనుంచి ఎవరో కొట్టేశారు. వాడు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. ఆమె మాత్రం, "నా పేరు నాకే గుర్తుండదు, వాళ్ళకెందుకురా" అంది.

ఈ పని ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో గాజు సానపట్టేవాడు. బడి వదలగానే ఆమె వెళ్ళి ఆయన పక్కన కూర్చునేది. బొటనవేలి కింద గాజు ఎలా కదలాలో మాటలతో చెప్పలేదు, చెయ్యి మీద చెయ్యి వేసి చూపించాడు. తర్వాత తర్వాత ఆయన చెయ్యి వణకడం మొదలైంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే వణుకు కనపడదని ఆయన కనిపెట్టాడు. నొక్కి సానపట్టిన అద్దాలు పెట్టుకున్నవాళ్ళు తలనొప్పి అంటూ దుకాణానికి తిరిగొచ్చారు. యజమాని మంచివాడే, తిట్టలేదు. "ఇంక విశ్రాంతి తీసుకో" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఇంట్లో ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు, ఎవరిదో వస్తువు దాచినట్టు. పోయేదాకా అలాగే కూర్చున్నాడు.

ప్రయోగశాలలో ఆమె చేసిన బిళ్ళల్లో ఒకదానికి ప్రత్యేక మర్యాద ఉండేది. చాలా ఏళ్ళ కిందట చేసింది. దెబ్బలు తినడానికి పంపలేదు, అలాగే ఉంచారు. దాని గీత ఎడమ నుంచి కుడి దాకా పడుకోబెట్టిన దారంలా ఉండేది. ఇంత నిర్మలమైన బిళ్ళ మళ్ళీ రాదని దానికి గీటురాయి అని పేరు పెట్టి గాజుసీసాలో దాచారు. దెబ్బలు తిన్న ప్రతి బిళ్ళనూ దాని పక్కన పెట్టి పోల్చేవారు. ఎంత తేడా ఉంటే అంత నష్టం. గీటురాయి అంత బాగుంది కాబట్టి మళ్ళీ కొత్తది చెయ్యాలని ఎవరికీ తోచలేదు. చేసిన చెయ్యి కూడా అలాగే ఉండిపోతుందనుకున్నారు.

ఇంకొక అలవాటు ఆమె సొంతం. ఎప్పుడు బిళ్ళలు చేసినా అడిగినదానికన్నా ఒకటి ఎక్కువ చేసేది. కింద పడొచ్చు, గీత పడొచ్చు, దార్లో పోవచ్చు. ఆ ఎక్కువదాన్ని కొసరు అనేది. "కూరగాయలమ్మే ఆవిడ ఇస్తుంది, నేనివ్వకూడదా?" అనేది. అక్కర్లేని కొసరులన్నీ, ఏ విడతవి ఆ గడిలో, ఒక గళ్ళపెట్టెలో పడుండేవి.

ఇంట్లో ఆమె భర్త దర్జీ. ముందుగదిలోనే మిషను, గోడకి తగిలించిన కోట్లు, నేలనిండా గుడ్డపీలికలు. మాటకారి. "నీ బిళ్ళలకి రెండు చిల్లులు పొడిచి ఇవ్వు, కోటుకి కుట్టేస్తా. వేసుకున్నవాడి లోపాలన్నీ బయటపడతాయి" అనేవాడు. ఒకరోజు ఆమె పనికోటు గుండీలన్నీ పీకేసి టిచ్ బటన్లు పెట్టాడు. ఆమె గయ్యిమంది.

"ఏమండోయ్ దర్జీగారూ, గుండీలు కుట్టడానికి బద్ధకమేస్తే చెప్పండి, నేనే కుట్టుకుంటా."

"ఇప్పుడిదే ఫ్యాషనే తల్లీ. నొక్కితే పడుతుంది, లాగితే ఊడుతుంది. మన కాపరంలాగా."

ఆమె నవ్వి ఊరుకుంది. గుండీ పెట్టుకోవడానికి ఈ మధ్య తనకెంత సేపు పడుతుందో ఆమె గమనించలేదు. గమనించకుండా ఉండడానికి కూడా ఒక శ్రమ ఉంటుంది. ఆ శ్రమ ఆమె పడుతూనే ఉంది. కప్పు సగమే నింపుకునేది. సంతకం చేసేటప్పుడు మోచెయ్యి బల్లకి ఆనించేది. స్టూలు మీద ఖాళీగా కూర్చున్నప్పుడు కుడిచెయ్యి తొడ కింద ఉండేది. బిళ్ళ చేతిలో ఉన్నంతసేపు మాత్రం ఏ బాధా లేదు. నొక్కి పట్టుకుంటే ఏ వణుకూ లేదు.

అలాంటి రోజుల్లోనే సన్నోడు గది గుమ్మంలో ఎగిరి గంతేశాడు.

"అక్కా, పట్టాను!"

"దొంగనా?"

"దొంగనే. మామూలుగా పైపొర దగ్గర గాయాలు తక్కువుండాలి. ఖాళీలు పైకి జారి మాయమవుతాయి కదా. మన ఉక్కులో తిరగబడింది, పైపొర కిందే ఎక్కువున్నాయి. ఒకసారి కాదు, మూడేళ్ళుగా ప్రతి బిళ్ళలోనూ ఉంది. ఏడాదేడాదికి పెరుగుతోంది కూడా. ఇది ఎవరూ చూడలేదక్కా. సదస్సులో చెప్పమన్నారు."

"అయితే చదువయ్యాక ఇక్కడే ఇస్తామన్న ఉద్యోగం గట్టిపడినట్టేనా?"

"గట్టిపడినట్టే. నీ బిళ్ళల పుణ్యమే."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి తేలిగ్గా నడిచింది. కడుపున పుట్టకపోయినా చేతిమీదుగా ఒకడు పైకొస్తున్నాడనుకుంది.

పెద్దాయన మాత్రం సన్నోడి గీతలు చూసి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. ఆయన ఎవరి ఉత్సాహాన్నీ ఒక్కసారిగా తుంచడు, దారం లాగినట్టు లాగుతాడు. "దెబ్బ తగలని బిళ్ళ కొత్తదొకటి చేయించి చూశావా?" అన్నాడు.

"గీటురాయి ఉందిగా సార్."

"అది ఎప్పటిదో నాయనా. కొత్తదొకటి చేయించు. నష్టమేముంది?"

నష్టమేముందని అందరూ అనుకున్నారు. అద్దాలక్క కొత్త బిళ్ళ చేసింది. అద్దంలా వచ్చింది, మైక్రోస్కోపులో చిన్న గీత కూడా లేదు. సన్నోడు తీసుకెళ్ళాడు. మర్నాడు వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"అక్కా, ఈ బిళ్ళ గానీ దెబ్బలు తిన్నవాటిలో కలిసిందా?"

"ఎందుకు కలుస్తుంది?"

"దీనికీ దెబ్బలు తగిలినట్టున్నాయి."

"నా చేతిలోంచి నీ చేతికొచ్చింది. మధ్యలో ఎవడు కొట్టాడురా?"

అనేసింది. ఆ మాట గదిలో అలాగే నిలబడిపోయింది. వాడు వెళ్ళి కొలిమి విప్పాడు. కొలిమి బాగానే ఉంది. పాలు కొత్త సీసాలోవి తెచ్చి ఇచ్చాడు. ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. అప్పుడు వాడికి గళ్ళపెట్టె గుర్తొచ్చింది. ఏ దెబ్బా తినకుండా, ఎక్కడికీ పోకుండా, ఏళ్ళ తరబడి పడున్న కొసరులు. అడగడానికి వచ్చినవాడు ఆమె మొహంలోకి చూడలేదు. పెట్టె చంకలో పెట్టుకుని, "ఊరికే చూద్దామని" అన్నాడు. ఊరికే చూసేవాడు అలా గొణగడు.

కొన్నాళ్ళు వాడు అన్నానికి రాలేదు. ఆమె డబ్బా మూతపెట్టి, తెచ్చినట్టే తీసుకెళ్ళింది. చివరికి ఒక మధ్యాహ్నం తనే పంపుల గదిలోకి వెళ్ళింది. వాడు కంప్యూటరు ముందు చెంపకి చెయ్యి ఆనించి కూర్చున్నాడు. తెరమీద ఒక గీత కాదు, గుత్తిలా ఎన్నో గీతలు. కుడివైపు అన్నీ కలిసి ఒకే దారి. ఎడమ చివర మాత్రం విడిపోయి, ఒకదాని మీద ఒకటి విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. అన్నిటికన్నా కింద గీటురాయి, పడుకున్న దారంలా.

"ఇవన్నీ నావేనా?"

వాడు మౌసు పక్కకి నెట్టాడు.

"అన్నిటికన్నా పైనున్నది?"

"మొన్న చేసిందక్కా."

"దాని కింద?"

"పోయినేడు."

ఆమె ఒక్కో గీతనీ పైనుంచి కిందికి చూసుకుంటూ దిగింది, మెట్లు దిగుతున్నట్టు. ఏ ఎక్స్‌రేలోనూ ఇంకా పడనిది, డాక్టరెవరూ ఇంకా అడగనిది, ఏళ్ళ వెంబడి అక్కడ గీసి ఉంది. ఉక్కు గుర్తుపెట్టుకుంది. తన పాత చెయ్యే వచ్చి తన కొత్త చేతి మీద సాక్ష్యం చెబుతోంది. తండ్రి తొడ కింద దాచుకున్న చెయ్యి ఆమె కళ్ళ ముందుకొచ్చింది. తన కుడిచెయ్యి అప్పటికే కోటు జేబులో ఉందని కూడా అప్పుడే చూసుకుంది.

"నీ దొంగ నేనేనన్నమాట" అంది.

"అక్కా, కొలిమిలో ఏదో తేడా వచ్చిందని రాస్తాను. గాలి చొరబడిందని. ఎవరూ తిరిగి అడగరు."

"కొలిమికి నోరు లేదని దాని మీదికి నెడతావా? నా చెయ్యని చెప్పు. సదస్సులో చెప్పబోయింది తప్పని కూడా నువ్వే ముందు చెప్పు, ఇంకొకడు చెప్పకముందే."

"నా ఉద్యోగం సంగతి వదిలెయ్. నీది..."

"నాది నేను చూసుకుంటా."

వాడు చెప్పాడు. సదస్సు నుంచి పేరు తీయించుకున్నాడు. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. పెద్దాయన ఆమెను గదికి పిలిచి, కూర్చోమని, నీళ్ళు ఇచ్చి, చాలాసేపు బల్లమీది కాగితాలు సర్దాడు. నునుపు చేసే యంత్రం తెప్పిస్తున్నామన్నాడు. "నీకేం లోటు రానివ్వనమ్మా. స్టోరులో కుర్చీ వేయిస్తాను. సామాను రాకపోకలు చూసుకో" అన్నాడు. కళ్ళద్దాల దుకాణం యజమాని గొంతు కూడా ఇలాగే ఉండేది. మంచివాళ్ళందరూ ఒకే బడిలో చదువుకుంటారు కాబోలు.

"ఒక్క బిళ్ళ చేస్తానండి. అది బాగుంటే నా గదిలో నేనుంటాను. బాగాలేకపోతే మీరు చెప్పినట్టే" అంది.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, సరేనన్నాడు.

ఇంటికొచ్చేసరికి భర్త మిషను మీద వంగి కోటు కాలరు తిప్పుతున్నాడు. ఆమె చెప్పులు విడిచి ఎదురుగా కూర్చుని, తన పనికోటు మీది టిచ్ బటన్లు ఒక్కొక్కటే లాగింది. టిక్కు టిక్కుమని ఊడాయి.

"ఇవి ఫ్యాషనా?"

ఆయన కాలు మిషను పెడలు మీద ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"ఏది?"

"నాటకాలాడకండి."

ఆయన సూది ఎత్తి, గుడ్డ తీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెట్టాడు. జోకు కోసం వెతుకుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. దొరకలేదు. "పోయిన చలికాలం... నువ్వు అద్దం ముందు నిలబడి, పై గుండీ పెట్టుకోలేక, వదిలేసి, మఫ్లరు చుట్టుకున్నావు. చలిగా ఉందన్నావు. నాకు ఆ రోజు ఉక్కపోసింది" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెబితే నిజమైపోతుందిగా."

ఆయన లేచి వచ్చి ఆ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. దర్జీ చేతులు, సూదిపోట్లతో గరుకెక్కినవి. వాటి మధ్య ఆమె చెయ్యి, వదిలేసిన చోట, దాని ఇష్టం వచ్చినట్టు వణికింది. వణుకు మొదలయ్యాక దాన్ని అలా వదిలెయ్యడం అదే మొదలు.

"డాక్టరు దగ్గరికి పోదాం."

"ముందు ఆ బిళ్ళ కానివ్వండి."

ఆ బిళ్ళ కోసం ఆమె ఒక రోజంతా కూర్చుంది. తలుపు గడియ పెట్టింది. నొక్కకూడదు. నొక్కకపోతే వణుకుతుంది. వణికితే బిళ్ళ గుడ్డ మీద గెంతుతుంది, గెంతితే అంచు కోసుకుంటుంది. మోచెయ్యి బల్లకి కట్టుకుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. ఊపిరి వదిలేటప్పుడు వణుకు కాస్త తగ్గుతుందని కనిపెట్టి, ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం కొంచెం అరగదీసింది. పాలు ఆరిపోతుంటే మళ్ళీ పోసింది. ఒక్కోసారి వేలు దానంతటదే దిగి నొక్కేది. అది తెలిసినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచి. సాయంత్రానికి బిళ్ళ ఆరబెట్టి చూస్తే, అందులో ఆమె కన్ను ఆమెకు కనపడింది. ఎర్రగా ఉంది. బిళ్ళలో ఏ లోపమూ లేదు. అలాగని ఆ మెరుపును ఇక ఆమె నమ్మలేదు.

సన్నోడు దాన్ని పట్టుకార్లతో తీసుకుని గొట్టం చివర బిగించాడు. గాలి తీసెయ్యడానికి రోజు పడుతుంది, కొలవడానికి ఇంకో రోజు. ఆ రెండు రోజులూ ఆమె గది తుడుచుకుంది. తుడవడానికి ఏమీ లేకపోయినా తుడిచింది.

పిలవకముందే వెళ్ళింది. వాడు ఆమె రాక చూసుకోలేదు. తెరమీద చుక్కలు ఒక్కొక్కటే పడి గీత అవుతోంది. లోతు నుంచి పైకి కొలుస్తున్నాడు. కుడి నుంచి మొదలై, నిదానంగా, చదునుగా ఎడమకు నడిచింది. ఆమె కూడా దానితో నడిచింది. చదునుగా. ఇంకా చదునుగా. అప్పుడు, ఆఖరి కొంచెంలో, గీత తలెత్తింది. మొన్నటి బిళ్ళ కన్నా తక్కువే ఎత్తింది. కానీ ఎత్తింది.

వెనక అలికిడికి వాడు తుళ్ళిపడి, చెయ్యి చాపి తెర ఆర్పేశాడు. లేచి నిలబడ్డాడు.

"బాగుందక్కా" అన్నాడు.

"బాగుందా?"

"గీటురాయి లాగే ఉంది. పెద్దాయనకి నేనే చెబుతా. యంత్రం వద్దని చెబుతా. బిళ్ళలు చేసేటప్పుడు నేనూ పక్కన కూర్చుంటా. ఇద్దరం కలిసి చేద్దాం. ఎవరికీ..."

మూడేళ్ళు వాడిన బిళ్ళలన్నీ పనికిరావని తేలినవాడు, ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు ఇది. అబద్ధం చెప్పడం రాని పిల్లాడు చెప్పిన అబద్ధం. అది నమ్మితే రేపటి నుంచి వాడి గీతలన్నిటిలోనూ ఆమె చెయ్యి ఉంటుంది. వాడు దాన్ని ప్రతిసారీ తుడుస్తూ, దాస్తూ, తెర ఆర్పుతూ బతకాలి. అబద్ధమని ముఖాన అనేస్తే, అక్కకి సాయపడ్డానన్న, వాడికి మిగిలిన ఆ ఒక్క తృప్తి కూడా పోతుంది.

"పోన్లే, బాగుంది కదా" అంది. "అయితే ఇంతటితో ఆపేస్తా."

"అదేంటి? బాగుంటే ఉంటానన్నావుగా!"

"అన్నాను. తీరా ఇప్పుడు చూస్తే, బాగున్న బిళ్ళ మీద ఆపడమే బాగుందనిపిస్తోంది. పాడయ్యాక అందరూ ఆపుతారు."

"అలా కుదరదక్కా. మాటంటే మాటే."

"మాట తప్పాను. తిట్టుకో. సొంత అక్కైతే తిట్టుకోవూ?"

వాడు నోరు తెరిచాడు. నిజం చెబితే ఆమె వెళ్ళిపోతుంది. చెప్పకపోయినా వెళ్ళిపోతోంది. రెండు దారులూ ఒకే గుమ్మంలోకి తేలాయి. "అక్కా, అది నిజంగా..." అని మొదలుపెట్టాడు.

"ఇంకేం చెప్పకు. మంచి మాట చెప్పావు, దాన్నలాగే ఉండనీ."

భుజం మీద చెయ్యి వెయ్యబోయి, కుడిది వెనక్కి తీసుకుని ఎడమది వేసింది. పంపులు రొద పెడుతూనే ఉన్నాయి. ఆమె నడవా దాటేదాకా వెనక కుర్చీ లాగిన చప్పుడు వినపడలేదు.

గేటు బయట భర్త స్కూటరు మీద కాళ్ళు నేలకి ఆనించి ఎదురుచూస్తున్నాడు. ఎప్పుడూ రానివాడు.

"ఏమన్నాడు?"

"బాగుందన్నాడు."

ఆయన ఆమె మొహం చూశాడు. బండి స్టార్టు చేశాడు. ఆమె వెనక ఎక్కి కూర్చుని, పడకుండా ఆయన చొక్కాని రెండు చేతులతోనూ నడుం దగ్గర గుప్పిట పట్టింది. ఎంత గట్టిగా పట్టినా, ఆ వణుకు చొక్కా దాటి ఆయన పక్కటెముకల దాకా వచ్చింది. ఆయన బండిని నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో పోనిచ్చాడు. వెనకనున్నవాళ్ళు హారన్లు కొట్టి తిట్టుకుంటూ దాటిపోయారు. ఆయన వీపుకి తడి తగిలింది. తమ వీధి మలుపు వచ్చింది. ఆయన తిప్పలేదు, నేరుగా పోనిచ్చాడు.

ఎక్కడికని ఆమె అడగలేదు.